నీటిగుర్రం కాదు, సముద్రగుర్రం: ఆ గాజుగిన్నె ఫొటో గురించి

సంపాదక మహాశయులకు నమస్కారం.

సరిగ్గా నెల కిందట మీ ఆదివారం అనుబంధంలో ఇంటి అలంకరణ పేజీలో ఒక ఫొటో వేశారు. గుండ్రటి గాజుగిన్నె, అడుగున నీలం గులకరాళ్లు, మధ్యలో బుడగలు వదిలే ప్లాస్టిక్ ఆల్చిప్ప, ఆ బుడగల నడుమ పసుపుపచ్చగా రెండు జీవులు. కింద 'బల్ల మీద ముచ్చటైన నీటిగుర్రాలు' అని రాశారు. ముందు ఆ పేరు సంగతి చెబుతాను. నీటిగుర్రం అంటే హిప్పో, టన్నుకు పైగా బరువు తూగే జంతువు. మీరు ఫొటో వేసింది సముద్రగుర్రానిది. అది చేప. మొప్పలతోనే ఊపిరి తీసుకుంటుంది, వీపు మీది చిన్న రెక్క ఆడిస్తూ నిలువుగా ఈదుతుంది. పొలుసులుండవు, పలచటి చర్మం కింద ఎముక పలకలు వరసగా ఉంటాయి. పేరు తప్పు పడితే మర్నాడు సవరణ వేస్తే సరిపోతుంది. ఫొటోతో వచ్చిన చిక్కు అంత తేలిగ్గా తీరదు. అలాంటి గిన్నెలో సముద్రగుర్రం కొద్దిరోజులకు మించి బతకదు. ఫొటో చూసినవాళ్లకు ఆ సంగతి తెలిసే దారి లేదు.

మా అక్క కూతురికి పన్నెండేళ్లు. ఆ పేజీని కత్తిరించి నోటుపుస్తకంలో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. "పిన్నీ, నీ తొట్టి ఇంత పెద్దదెందుకు? ఇది చూడు, చదువుకునే బల్ల మీదే పెట్టుకోవచ్చట" అంది. ఆ రోజే మీకు రాద్దామని కూర్చున్నాను. రాసింది చదువుకుంటే అంతా కోపమే కనిపించింది, పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. అందుకని పక్కన పెట్టేశాను. ఈ నెలలో ఆ పిల్లతో కలిసి ఒక పని మొదలుపెట్టాను. ఇప్పుడు చెప్పాల్సింది వరసగా చెప్పగలననిపించి రాస్తున్నాను. ఉత్తరం పెద్దదైంది, కాస్త ఓపికగా చదవమని మనవి.

ముప్పై ఏళ్లు రక్తపరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. తొమ్మిదేళ్లుగా ఇంట్లో సముద్రగుర్రాలు పెంచుతున్నాను. సీసాలు, రంగులు, కొలతలు నా చేతికి బాగా అలవాటైనవే. అయినా మొదటి జంటను నేను బతికించుకోలేకపోయాను. ఆ కథ ముందే చెప్పకపోతే తక్కిన మాటలకు విలువ ఉండదు.

అమ్మినాయన "ఇవి తొట్లలో పుట్టి పెరిగినవే" అన్నాడు. నమ్మాను. కాగితాలు అడగాలని అప్పటికి తెలియదు. ఇంటికి తెచ్చాక గడ్డకట్టించిన మైసిస్ రొయ్యలు కరిగించి వేశాను. మైసిస్ అంటే వేలిగోరంత ఉండే సముద్రపు చిన్న రొయ్య, తొట్లలో పెంచే సముద్రగుర్రాలకు ప్రధాన ఆహారం. మగది దగ్గరకొచ్చి ఒక కన్ను దాని మీద, ఇంకో కన్ను నా మీద పెట్టి చూసింది. రెండు కళ్లనూ వేరువేరుగా తిప్పగలదు అది. చాలాసేపు అలా చూసి మొహం తిప్పేసుకుంది. కదలనిది ఆహారమని దానికి తెలియదు. పుట్టినప్పటి నుంచీ సముద్రంలో ఈదే రొయ్యల్నే పట్టుకు తిన్న జీవి అది. ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి రొయ్యల్ని బతికున్నవాటినే తెచ్చి పదిరోజుల పాటు పోశాను. ఆర్టీమియా తింటాయి, కడుపు నిండినట్టే కనిపిస్తుంది, కానీ పెద్దయిన ఆర్టీమియాలో బలం తక్కువ. పక్క నుంచి చూస్తే పొట్ట దగ్గర పలకల అంచులు బయటికి తేలుతున్నాయి. అంతలో ఎండలు ముదిరాయి. తొట్టి నీరు 29 డిగ్రీలకు చేరింది. ఉష్ణమండల చేపలే కదా, వేడి వాటికి అలవాటే అనుకున్నాను. ఒకరోజు పొద్దున మగదాని తోక చివర, చాలాసేపు నీళ్లలో నానిన వేలికొనలా తెల్లబడి ఉంది. మర్నాటికి ఆ తెలుపు పైకి పాకింది. తోకతో కొమ్మను చుట్టుకోబోయి జారిపోయి అడుగున పడుకుంది. నాలుగోరోజున పోయింది. ఆడది ఇంకో రెండు వారాలుండి, ఏమీ తినకుండానే పోయింది.

తర్వాత ఏడాది పాటు సముద్రగుర్రాన్ని తేలేదు. చదివాను, అనుభవమున్న వాళ్లను అడిగి తెలుసుకున్నాను. ఖాళీ తొట్టితోనే పని నేర్చుకున్నాను.

ఆ వేడి సంగతి అందరూ తప్పుగా అర్థం చేసుకుంటారు కాబట్టి వివరంగా చెబుతాను. సముద్రంలో 28 డిగ్రీల్లో హాయిగా ఉండే రకాన్ని కూడా తొట్టిలో 21 నుంచి 23 డిగ్రీల మధ్యే ఉంచాలి. ఎందుకంటే సముద్రంలో నీటికి అంతులేదు, తిని వదిలేసిందీ మలమూ ఎక్కడికక్కడ కొట్టుకుపోతాయి. తొట్టిలో అవి అక్కడే కుళ్లుతాయి. ఆ కుళ్లు మీద విబ్రియో జాతి బ్యాక్టీరియా పెరుగుతుంది. వేడి పెరిగేకొద్దీ దాని పెరుగుదల ఊపందుకుంటుంది. పొలుసులు లేని ఆ పలచటి చర్మానికి చిన్న గీత పడినా చాలు, అక్కడ పట్టుకుంటుంది. మా మగదాని తోకను తిన్నది అలాంటి జబ్బే. నీటిని రెండు మూడు డిగ్రీలు దించడానికి నీటి పైన ఫ్యాను తిప్పితే చాలు. అంతకంటే దించాల్సివస్తే చిల్లర్, అంటే నీటిని చల్లబరిచే యంత్రం, పెట్టాల్సిందే. నా మాట అడిగితే, ఎండాకాలమంతా తొట్టిని 23 దగ్గర నిలబెట్టే ఏర్పాటు లేనివాళ్లు సముద్రగుర్రం జోలికి వెళ్లకూడదు. మిగతా లోపాలను సర్దుకోవచ్చు, దీన్ని సర్దుకోలేం.

ఇక తొట్టి. దాని ఎత్తు ముఖ్యం. నాది 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 55 ఎత్తు. దాదాపు 140 లీటర్లు పడుతుంది, ఒక జంటకు సరిపోతుంది. 45 సెంటీమీటర్లకు తక్కువ ఎత్తున్నది తీసుకోవద్దని నేను అందరికీ చెబుతుంటాను. జత కట్టేటప్పుడు ఆడా మగా ఎదురెదురుగా నిలువునా పైకి లేస్తాయి, ఆ లేచేటప్పుడే ఆడది తన గుడ్లను మగదాని పొట్ట కింది సంచిలోకి వదులుతుంది. పైన చోటు లేకపోతే గుడ్లు సంచిలోకి చేరక నేలపాలవుతాయి. మీ ఫొటోలోని గిన్నె ఎత్తు ఒక జానెడు కూడా ఉండదు.

వాటికి పట్టుకొమ్మలు కావాలి. ఈ మాట ఇక్కడ అక్షరాలా నిజం. సముద్రగుర్రం ఈతలో బలహీనమైనది. వీపు రెక్కను సెకనుకు ముప్పైసార్లకు పైగా ఆడించినా నెమ్మదిగానే కదులుతుంది. అందుకే రోజులో ఎక్కువసేపు తోకతో ఏదో ఒకటి చుట్టుకుని ఉంటుంది. సముద్రంలో గడ్డి, నాచు, పగడపు కొమ్మలు దొరుకుతాయి. నా తొట్టిలో గ్రాసిలేరియా అనే ఎర్రనాచు, కౌలెర్పా అనే ఆకుపచ్చ నాచు, కొన్ని కృత్రిమ కొమ్మలు ఉన్నాయి. కౌలెర్పాను అప్పుడప్పుడు కత్తిరిస్తుండాలి, వదిలేస్తే తొట్టంతా తనే ఆక్రమిస్తుంది. పట్టుకోవడానికి ఏమీ లేకపోతే అవి ఒకదాని మెడను ఇంకొకటి చుట్టుకుంటాయి. చూసేవాళ్లకు ముద్దుగానే ఉంటుంది కానీ వాటికది నిలకడలేని స్థితి. హీటరు వాడేవాళ్లు దాని చుట్టూ జాలీ పెట్టాలి. లేకపోతే దాన్నే కొమ్మనుకుని తోక చుట్టి కాల్చుకుంటాయి. పంపు నీళ్లు పీల్చేచోట స్పాంజి తొడగాలి, లేకపోతే తోక లోపలికి వెళుతుంది. కుట్టే జీవులేవీ లోపల ఉండకూడదు: ఎనిమోన్లు, కుట్టే రకం పగడాలు, రాళ్లతో పాటు తెలియకుండా వచ్చే ఐప్టేసియా అనే చిన్న ఎనిమోన్. పీతలు కూడా వద్దు, నిద్రపోతున్న తోకను పట్టుకుంటాయి. నత్తలు మంచివి.

తోడుగా రంగురంగుల చేపలు వేద్దామని చాలామందికి ఉంటుంది. వద్దు. సముద్రగుర్రం మైసిస్‌ను చూసి, ఆలోచించి, గురిపెట్టేలోగా చురుకైన చేప దాన్ని మింగేసి ఇంకోదాని కోసం వెళ్లిపోతుంది.

బుడగల ఆల్చిప్ప గురించి కూడా చెప్పాలి. నీటికి ఆక్సిజన్ కావాలి, నీటి పైభాగం కదులుతూ ఉండాలి. కానీ సన్నటి బుడగల తెర మధ్య వాటిని ఉంచకూడదు. సముద్రగుర్రాలకు గాలి బుడగల జబ్బు వస్తుంది. చర్మం కింద, మగవాటి సంచిలో గాలి చేరి, తలకిందులుగా నీటిపైన తేలిపోతాయి. ఆ స్థితిలో తినలేవు. పెంచేవాళ్లు దీని కారణాల గురించి ఇంకా వాదించుకుంటూనే ఉంటారు. నేను మాత్రం నా తొట్టిలోకి బుడగను రానివ్వను.

అన్నిటికంటే కష్టమైనది, ఎవరూ ఫొటో తీయనిది, నీళ్లు కుదురుకోవడం. చేప మూత్రం, మలం, మిగిలిన ఆహారం అమ్మోనియా అవుతాయి. అమ్మోనియా విషం. దాన్ని నైట్రైట్‌గా మార్చే బ్యాక్టీరియా ఒకటి, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చేది ఇంకొకటి. నైట్రైటూ విషమే. నైట్రేట్ కొద్దిగా ఉంటే ఫరవాలేదు, 20 పీపీఎంకు (పది లక్షల్లో 20 వంతులకు) మించనివ్వను. ఈ రెండు రకాల బ్యాక్టీరియా రాళ్ల మీద, ఫిల్టరులో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్లూ తొట్టిలో ఒక్క చేప కూడా ఉండదు. దీపం వెలుగుతుంటుంది, పంపు తిరుగుతుంటుంది, రాళ్లుంటాయి, నీళ్లుంటాయి. ఇంటికొచ్చినవాళ్లు "ఇంకా తేలేదా?" అంటారు. రోజూ పరీక్షగొట్టంలో 5 మిల్లీలీటర్ల నీరు తీసి చుక్కలు వేసి రంగు చూడాలి. చేప లేకపోయినా బ్యాక్టీరియాకు మేతగా మనమే కాస్త అమ్మోనియా వేస్తాం, మొదట అది ఎక్కుతుంది. రెండోవారానికి అది దిగుతూ నైట్రైట్ ఎక్కుతుంది. తర్వాత అదీ దిగుతుంది. రెండూ సున్నా అయి, మళ్లీ కాస్త అమ్మోనియా వేసినా మర్నాటికల్లా సున్నాకు వస్తేనే తొట్టి సిద్ధం. ల్యాబులో రోగి రిపోర్టు తొందరపెట్టి తెప్పించుకున్నా రక్తం మారదు కదా. ఇదీ అంతే, ఎంత ఆత్రపడినా బ్యాక్టీరియా తన రోజులు తాను తీసుకుంటుంది.

నీరు తయారుచేసే పద్ధతి కూడా చెబుతాను, ఎందుకంటే ఒకాయన నన్ను "ఇంట్లో ఉప్పు కలిపితే చాలదా" అని అడిగారు. చాలదు. వంటలో వాడే ఉప్పు దాదాపు అంతా సోడియం క్లోరైడే. సముద్రపు నీటిలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, బైకార్బొనేట్ అన్నీ ఉంటాయి. అక్వేరియం కోసం తయారుచేసిన సముద్ర లవణం వాడాలి. దాన్ని ఆర్ఓ నీటిలో కలిపి, ఒకరోజంతా పంపుతో తిప్పాలి. రిఫ్రాక్టోమీటరుతో సాంద్రత చూసి 1.023 నుంచి 1.025 మధ్య ఉంచాలి. పీహెచ్ 8.1 నుంచి 8.4. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. అందుకని రోజూ తగ్గిన మేరకు మంచినీళ్లు పోయాలి, ఉప్పునీళ్లు పోస్తే నీరు అంతకంతకూ చిక్కబడుతుంది. వారానికోసారి పది, పదిహేను శాతం నీరు తీసి కొత్తది పోస్తాను. ప్రోటీన్ స్కిమ్మర్ పెడితే కరిగిన మురికి నురగతో పాటు బయటికి పోతుంది. సముద్రగుర్రాల తొట్టికి అది తప్పనిసరి అనే నా అభిప్రాయం, ఎందుకంటే ఇవి ఆహారం బాగా చిందించే జీవులు.

ఆ తిండి దగ్గరకు వద్దాం. సముద్రగుర్రానికి పళ్లు లేవు, కడుపు లేదు. తిన్నది నిలవుండే సంచి లేదు కాబట్టి పేగులోంచి త్వరగా దాటిపోతుంది, సారం కొంతే ఒంటబడుతుంది. అందుకే రోజుకు రెండుసార్లు, వీలైతే మూడుసార్లు పెట్టాలి. ఇంటిల్లిపాదీ ఊరెళ్లి రెండు రోజుల తర్వాత వస్తామంటే కుదరదు, ఎవరో ఒకరికి పని నేర్పి వెళ్లాలి.

మా ఇంట్లో పొద్దున ఏడింటికి మొదటి తిండి. మైసిస్ ముక్కను చిన్న జల్లెడలో వేసి చల్లటి నీళ్లతో కరిగించి కడుగుతాను. వారానికి రెండుమూడు రోజులు విటమిన్లు, కొవ్వు ఆమ్లాలు ఉన్న ద్రావణంలో పది నిమిషాలు నానబెడతాను. తొట్టి మూలన ఒక పెద్ద గవ్వను బోర్లించకుండా, వెల్లకిలా పెట్టాను, అదే వాటి కంచం. పొడవాటి గాజు గొట్టంతో మైసిస్‌ను దాన్లోకి వదులుతాను. గొట్టం నీళ్లను తాకిన చప్పుడుకే రెండూ తోకలు విప్పేసి వచ్చేస్తాయి. మగది కంచం అంచున తోక చుట్టి, మెడ వంచి, మూతిని ఒక మైసిస్‌కు దగ్గరగా తెస్తుంది. కదలదు. కళ్లు మాత్రం తిరుగుతాయి. ఆ తర్వాత ఏం జరిగిందో కంటికి ఆనదు. 'టిక్' అని చిన్న చప్పుడు, గాజుకు ఇవతల నిలబడ్డ నాకూ వినపడుతుంది, మైసిస్ ఉండదు. గొట్టంలాంటి మూతిలోకి దాన్ని పీల్చుకోవడం సెకనులో వందో వంతులోపే అయిపోతుంది. తల ఎముకలు ఒకదానికొకటి రాసుకోవడం వల్ల వచ్చే చప్పుడు అది. ఒక్కోసారి మైసిస్ మూతికి పెద్దదైతే సగం బయట వేలాడుతుంది, రెండోసారి టిక్ అంటే లోపలికి పోతుంది. ఆ చప్పుళ్లు లెక్కపెడుతూ కూర్చోవడం నాకు రోజు మొత్తంలో ఇష్టమైన పని. చప్పుడు మందగించినా, గురి తప్పుతున్నా, మూతి మైసిస్ దాకా వచ్చి వెనక్కి పోయినా, నోటుపుస్తకంలో రాసుకుని ఆ రోజే నీటి పరీక్ష చేస్తాను. జబ్బు బయటికి కనిపించే ముందే ఆకలి చెబుతుంది. అరగంట తర్వాత కంచంలో మిగిలినదంతా సైఫన్ గొట్టంతో తీసేస్తాను. ఒక్కటి కూడా వదలను, రాతి వెనక కుళ్లిన ఒక్క రొయ్య చాలు నీరు చెడిపోవడానికి.

ఎక్కడ కొనాలి, ఎలాంటిది కొనాలి అన్నది మీ పేజీలో అసలు లేనే లేదు. కొంటే తొట్టిలోనే పుట్టి, గడ్డకట్టించిన తిండి తినడం నేర్చినదే కొనాలి. మీ కళ్ల ముందు మైసిస్ తింటేనే తెచ్చుకోవాలి. సముద్రంలో పట్టినవి చాలావరకు ఆకలితోనే పోతాయి, మా మొదటి జంటలో ఆడది పోయినట్టు. పట్టేవాళ్లకు, అమ్మేవాళ్లకు ఆ సంగతి తెలుసు, కొనేవాళ్లకే తెలియదు. ఇప్పటికే వీటిని ట్రాలర్ వలలు మిగతా చేపలతో పాటు ఊడ్చేస్తున్నాయి. ఎండబెట్టి మందుల కోసం, బొమ్మల్లా అమ్మకానికి తరలిస్తున్నారు. సముద్రపు గడ్డి, మడ అడవులు తగ్గిపోతున్నాయి. అందుకే 2002లో, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో సముద్రగుర్రాలన్నిటినీ చేర్చారు, 2004 మే నుంచి అది అమల్లో ఉంది. అంటే దేశం దాటించాలంటే అనుమతి పత్రాలుండాలి. కొన్ని దేశాలు అంతకంటే గట్టిగా ఉన్నాయి. భారతదేశంలో 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వీటికి రక్షణ ఉంది, పట్టడం, అమ్మడం నేరం. మీ పాఠకుల్లో ఎక్కువమంది ఉన్నది అక్కడే. ఆ ఒక్క మాట కూడా లేకుండా బల్ల మీద పెట్టుకోమని రాయడం నాకు చాలా బాధ కలిగించింది. నేనుండేచోట పత్రాలున్న, తొట్టిలో పుట్టిన వాటిని పెంచడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఆ పత్రాలు నా నోటుపుస్తకం మొదటి పేజీలోనే అంటించి ఉన్నాయి.

ఇప్పుడున్న జంట హిప్పోకాంపస్ ఎరెక్టస్ రకం. వచ్చి ఐదేళ్లవుతోంది. తెచ్చాక నెలన్నర వేరే తొట్టిలో విడిగా ఉంచి, జలచరాల వైద్యుణ్ణి అడిగి నులిపురుగులు పోయే మందు వేయించి, అప్పుడు పెద్ద తొట్టిలోకి మార్చాను. ఆడది గోధుమరంగులో మెడ మీద సన్నటి తెల్లగీతలతో ఉంటుంది, మగది ముదురు బూడిదరంగు. కాని పొద్దున దీపం వేసిన కాసేపటికి రెండూ లేత పసుపులోకి మారతాయి. పక్కపక్కనే చేరి ఒకే కొమ్మకు తోకలు చుట్టి, దాని చుట్టూ నెమ్మదిగా తిరుగుతాయి. తలలు వంచుకుంటాయి. కొన్ని నిమిషాల తర్వాత విడిపోయి ఎవరి మూలకు అవి వెళతాయి, రంగు మళ్లీ ముదురుతుంది. ఆస్ట్రేలియా తీరంలో నీటి అడుగున సముద్రగుర్రాలను రోజుల తరబడి గమనించిన శాస్త్రవేత్త అమాండా విన్సెంట్ ఈ పొద్దుటి పలకరింపు గురించి రాశారు. 1996లో ప్రాజెక్ట్ సీహార్స్ అనే సంరక్షణ సంస్థను మొదలుపెట్టినవారిలో ఆమె ఒకరు. ఆ జంటలు రోజూ ఇలా కలుసుకుంటేనే బంధం నిలుస్తుందని చదివాక, పొద్దున ఆ పది నిమిషాలూ తొట్టి ముందు ఎవరినీ అటూ ఇటూ తిరగనివ్వడం మానేశాను.

మగది కనడం మూడుసార్లు చూశాను. ఆడది గుడ్లు సంచిలో పెట్టాక మూడు వారాలకు, తెల్లవారుజామున. సంచి ఊరికే మోసే మూట కాదు, లోపల పిల్లలకు ఆక్సిజన్ అందిస్తుంది, ఉప్పు మోతాదు మెల్లగా సముద్రపు నీటికి అలవాటు చేస్తుంది. మొదటిసారి నేను నాలుగింటికి లేచి చూసేసరికి మగది కొమ్మ పట్టుకుని ముందుకీ వెనక్కీ మడతపడుతోంది. ప్రతి మడతకూ సంచి నోట్లోంచి ఐదో పదో పిల్లలు గుప్పున బయటికొచ్చాయి. ఒక్కోటి సెంటీమీటరు కూడా లేదు, ఆవగింజంత తల, దానికి వెంట్రుకలాంటి తోక, అయినా ముమ్మూర్తులా సముద్రగుర్రమే. రెండువందల దాకా లెక్కపెట్టి ఆపేశాను.

వాటిలో రెండు నెలలకు మిగిలినవి పదకొండు. పిల్లలకు మైసిస్ పెద్దది, అప్పుడే పొదిగిన ఆర్టీమియా, కోపీపాడ్లు అనే కంటికి ఆనీఆనని నీటిజీవులు కావాలి, రోజుకు ఐదారుసార్లు. నీటి పైపొర దగ్గరే ఉండిపోతే గాలి మింగి తేలిపోతాయి, అందుకని మూలలు లేని గుండ్రటి తొట్టిలో నీరు మెల్లగా తిరిగేలా పెట్టాలి. మొదటిసారి నాకా ఏర్పాటు లేదు. మూడోసారికి ఉంది, అప్పుడు నలభైకి పైగా బతికాయి. అవి ఇప్పుడు పత్రాలతో సహా వేరే ఇళ్లలో ఉన్నాయి. ఇచ్చేముందు ప్రతి ఇంటికీ వెళ్లి తొట్టి నీళ్లు నేనే పరీక్ష చేశాను.

ఈ ఉత్తరం వల్ల నేను కోరేది రెండు. ఆ ఫొటో మీద సవరణ వేయండి, పేరుకూ గిన్నెకూ రెండింటికీ. ఇకముందు ఏ జీవి ఫొటోనైనా అలంకరణ పేజీలో వేసేముందు, దాన్ని పెంచిన అనుభవం ఉన్న ఒక్కరినైనా అడగండి. చట్టం ఒప్పుకోని చోట, చల్లటి నీరు నిలబెట్టలేని చోట ఉన్నవాళ్లకు సముద్రగుర్రాన్ని చూడటానికి మంచి పబ్లిక్ అక్వేరియంలు ఉన్నాయి. అక్కడ తిండిపెట్టే వేళకు వెళ్లి, గాజుకు దగ్గరగా నిలబడితే ఆ టిక్ చప్పుడు వినపడుతుంది.

మా అక్క కూతురి సంగతి చెప్పి ముగిస్తాను. గిన్నె కుదరదని చెబితే మొహం చిన్నబుచ్చుకుంది. నా దగ్గరున్న పాత తొట్టి ఇచ్చాను, 50 సెంటీమీటర్ల ఎత్తుది. ముందు ఖాళీగా నడపాలని, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయ్యాక తొలి నాలుగు నెలలు నత్తలు మాత్రమే ఉంటాయని మాట తీసుకున్నాను. మా అక్క, బావ కూడా ఒప్పుకున్నాకే నీళ్లు పోశాం. నా పాత నోటుపుస్తకంలాంటిదే ఒకటి కొనుక్కుంది. రోజూ సాయంత్రం చుక్కలు వేసి రంగు చూసి నాకు ఫోను చేస్తుంది. పద్ధెనిమిదో రోజున అమ్మోనియా పసుపురంగుకు వచ్చింది, అంటే సున్నా. అయిపోయిందనుకుని గంతులేసింది. నైట్రైట్ సంగతేమిటని అడిగితే మౌనం. నిన్న ఇరవైమూడో రోజు. "పిన్నీ, నీలం రావాలి కదా, ఇంకా ఊదారంగే ఉంది. కానీ మొన్నటికంటే లేతగా ఉంది, పేపరు మీద రంగులు దిద్ది పక్కపక్కన పెట్టి చూశాను" అంది. రాసిపెట్టుకోమన్నాను. రాశానంది.

ఇట్లు,
మీ పాఠకురాలు